దెయ్యాల కొంప సినిమా: ఒకరికి వణుకు, ఇంకొకరికి నిద్ర

తక్కువ ఖర్చుతో తీసిన దెయ్యాల కొంప సినిమా ఏదైనా తీసుకుని, చూసినవాళ్ళు దాని గురించి చెప్పిన మాటలు వరసగా చదవండి. 'లైటు ఆర్పి పడుకోలేకపోయాను' అని ఒకరు. 'అరగంటకే కునుకు పట్టింది' అని ఇంకొకరు. 'ఇంత చిన్న ఇంట్లో ఇంత భయం పుట్టించారంటే గొప్పే' అని ఒకరు మెచ్చుకుంటే, 'ఒక ఇల్లు, నాలుగు తలుపుల చప్పుళ్ళు, దీన్ని సినిమా అంటారా' అని మరొకరు విసుక్కుంటారు. ప్రేమకథనో, ఫైట్ల సినిమానో తిట్టేవాళ్ళూ ఉంటారు, మెచ్చేవాళ్ళూ ఉంటారు. కానీ వాటికి మధ్యలో 'పర్లేదు, ఒకసారి చూడొచ్చు' అనేవాళ్ళ గుంపు ఒకటి గట్టిగా ఉంటుంది. ఇక్కడ ఆ గుంపు పలచన.

అభిరుచులు వేరు కదా అని తేల్చేస్తే ఈ తేడా అర్థం కాదు. ఈ రకం సినిమా ప్రేక్షకుణ్ణి ముందుగా ఒకటి అడుగుతుంది: ఏమీ జరగని గదిని చూస్తూ ఎదురుచూడమని. దానికి సరే అన్నవాళ్ళు ఒక సినిమా చూస్తారు. కాదన్నవాళ్ళు అదే తెర మీద వేరే సినిమా చూస్తారు. పొగడ్తల్లో, తిట్లలో చాలా భాగం ఆ ఎదురుచూపు ఎక్కడ నిలబడింది, ఎక్కడ తెగింది అన్నదాని గురించే.

అందుకే ఇలాంటి సినిమాల విషయంలో సగటు మార్కు పెద్దగా పనికిరాదు. పదిమందిలో ఐదుగురు తొమ్మిదేసి, ఐదుగురు రెండేసి ఇస్తే సగటు ఐదున్నర వస్తుంది. ఆ ఐదున్నర ఆ పదిమందిలో ఏ ఒక్కరి అభిప్రాయమూ కాదు. సినిమా రివ్యూల వెబ్‌సైటు రాటెన్ టొమాటోస్‌లో ప్రేక్షకుల శాతం ఇంకో రకం లెక్క. ఐదుకు మూడున్నర నక్షత్రాలు, ఆపైన ఇచ్చినవాళ్ళు ఎంతమంది అన్నదే అది చెబుతుంది. ఎంత గట్టిగా నచ్చిందో, నచ్చనివాళ్ళకు ఎంత కోపం వచ్చిందో అందులో కనబడదు. అమెరికాలో సినిమాస్కోర్ సంస్థ విడుదల రోజున హాళ్ళలో ప్రేక్షకుల చేత కార్డులు నింపించి ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ప్రకటిస్తుంది. 2013లో వచ్చిన 'ద కంజూరింగ్'కు అక్కడ ఏ మైనస్ వచ్చింది. 2018లో వచ్చిన 'హెరెడిటరీ'ని విమర్శకులు ఎంతో మెచ్చుకున్నారు, ప్రేక్షకుల గ్రేడు మాత్రం డి ప్లస్. ఈ రెండూ మరీ చిన్న సినిమాలు కావు, కానీ చూడాల్సిన సంగతి వీటిలో ఉంది. మొదటి రోజు వచ్చేవాళ్ళు ట్రైలర్ ఏం చెప్పిందో దాని కోసం వస్తారు. వాళ్ళిచ్చే గ్రేడు చాలావరకు 'చెప్పింది దొరికిందా లేదా' అన్న ప్రశ్నకు జవాబు. భయపెట్టిందా అన్నది దాని వెనకాల వచ్చే ప్రశ్న.

ఎదురుచూపు ఎలా పనిచేస్తుందో చూడటానికి 'పారానార్మల్ యాక్టివిటీ' కన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఓరెన్ పేలి దీన్ని శాన్ డియేగోలో తన సొంత ఇంట్లో, వారం రోజుల్లో, దాదాపు 15 వేల డాలర్లతో తీశాడు. 2007లో ఒక హారర్ చిత్రోత్సవంలో మొదట చూపించారు. పెద్ద స్టూడియో చేతికి వెళ్ళాక దీన్ని అలాగే విడుదల చేయకుండా ఎక్కువ డబ్బుతో మళ్ళీ తీద్దామనే ఆలోచన నడిచింది. చివరికి ఉన్నదాన్నే, ముగింపు మార్చి, 2009లో విడుదల చేశారు. ప్రపంచమంతా కలిపి 19 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది.

అందులో పదే పదే వచ్చే దృశ్యం ఒకటే. పడకగది మూలలో స్టాండు మీద కెమెరా. మంచం మీద ఒక అమ్మాయి, ఆమె ప్రియుడు నిద్రపోతుంటారు. ఎడమవైపు తలుపు తెరిచి ఉంటుంది, దాని అవతల చీకటి నడవ. కింద మూలలో గంటలు, నిమిషాలు, సెకన్లు పరిగెడుతుంటాయి. ఉన్నట్టుండి ఆ పరుగు ఆగి మామూలు వేగానికి వస్తుంది. అంతే. రెండు మూడు రాత్రులకే ప్రేక్షకుడికి ఆ భాష వచ్చేస్తుంది: గడియారం నెమ్మదించిందంటే ఏదో జరగబోతోంది. ఇక కళ్ళు తెరంతా వెతుకుతాయి. తలుపు కదిలిందా? దుప్పటి లేచిందా? నడవలో నీడ ఇందాక అక్కడ ఉందా? తలుపు నాలుగు అంగుళాలు కదిలితే హాలంతా కేకలు. ఆ కేకకు అయిన ఖర్చు దాదాపు సున్నా. తలుపును లాగింది సినిమా అయితే, ఆ లాగుడికి అర్థం ఇచ్చింది చూస్తున్నవాడి మనసు.

కెమెరా కదలని దృశ్యంలో ఎటు చూడాలో ఎవరూ చెప్పరు. మామూలు సినిమాలో దర్శకుడు క్లోజప్ వేసి 'ఇదిగో ఇది చూడు' అంటాడు. ఇక్కడ ఆ పని ప్రేక్షకుడి నెత్తిన పడుతుంది. వెతికినవాడికి తలుపు కదలడం సొంతంగా కనిపెట్టిన విషయంలా ఉంటుంది, అందుకే ఒళ్ళు జలదరిస్తుంది. వెతకనివాడికి అది ఇద్దరు పడుకున్న వీడియో. 'గంటన్నర సేపు ఎవరో నిద్రపోవడం చూశాను' అని రాసినవాడు అబద్ధం చెప్పడం లేదు. అతని కళ్ళ ముందు జరిగింది నిజంగా అదే.

ఈ పద్ధతిని చివరి అంచు దాకా తీసుకెళ్ళిన సినిమా 'స్కినమారింక్'. కెనడా దర్శకుడు కైల్ ఎడ్వర్డ్ బాల్ 2022లో పూర్తి చేసిన ఈ సినిమాకూ ఖర్చు 15 వేల డాలర్లే. ఎడ్మంటన్‌లో తను పెరిగిన ఇంట్లోనే తీశాడు. అంతకుముందు అతను జనం తమ పీడకలలు చెబితే వాటిని చిన్న వీడియోలుగా తీసి యూట్యూబ్‌లో పెట్టేవాడు. సినిమా కూడా ఆ దారిలోనే నడుస్తుంది. ఇద్దరు చిన్నపిల్లలు రాత్రి లేచేసరికి నాన్న కనబడడు, ఇంటి తలుపులు, కిటికీలు మాయమవుతుంటాయి. తెర మీద మనుషుల ముఖాలు దాదాపు ఉండవు. గోడ మూల, పైకప్పు, తివాచీ మీద బొమ్మలు, టీవీ వెలుగు, వాటి నిండా గరగరలాడే చుక్కలు. గంటా నలభై నిమిషాలు ఇదే.

చిత్రోత్సవానికి ఇచ్చిన కాపీ ఇంటర్నెట్‌లో లీకయింది. 'ఇంత భయంకరమైనది ఇంతవరకు చూడలేదు' అన్న మాట విడుదలకు ముందే టిక్‌టాక్‌లో పాకిపోయింది. 2023 జనవరిలో హాళ్ళకు వచ్చి దాదాపు 20 లక్షల డాలర్లు తెచ్చుకుంది. ఆ పాకిన మాటే సినిమాకు మేలూ చేసింది, కీడూ చేసింది. పీడకల కోసం వచ్చినవాళ్ళకు పీడకల దొరికింది. ఊపిరాడని భయం కోసం టికెట్టు కొన్నవాళ్ళకు పైకప్పు దొరికింది. వీళ్ళిద్దరి మాటలూ పక్కపక్కన చదివితే ఒక సంగతి తేటగా తెలుస్తుంది. మెచ్చుకున్నవాళ్ళు తమ చిన్నప్పటి ఇంటి గురించి, రాత్రిపూట దాహం వేసి లేచినప్పటి చీకటి గురించి రాస్తారు. తిట్టినవాళ్ళు సినిమా గురించి రాస్తారు. సినిమా ఇచ్చిన ఖాళీని నింపడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి. అది లేకపోవడం తప్పు కాదు. ఆ ఖాళీని ప్రేక్షకుడి మీద వదిలేసిన దర్శకుడికి ఆ సాహసం ఖరీదు ముందే తెలిసి ఉండాలి. ఈ సినిమా విషయంలో ఆ సాహసం విలువైనదే. కాకపోతే నిడివి అరగంట తగ్గి ఉంటే మెచ్చినవాళ్ళు ఇంకా పెరిగేవాళ్ళు.

'బడ్జెట్ ఉంటే ఇంకా బాగుండేది' అనేది ఇలాంటి సినిమాల గురించి తరచూ వినబడే మాట. చరిత్రలో దీనికి చక్కటి పరీక్ష ఒకటి జరిగింది. షర్లీ జాక్సన్ 1959 నాటి నవల ఆధారంగా రాబర్ట్ వైజ్ 1963లో 'ద హాంటింగ్' తీశాడు. అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనబడదు. చప్పుడు వినబడుతుంది, తలుపు లోపలికి ఉబ్బుతుంది. పొరలు అతికించిన చెక్క తలుపును అవతలి నుంచి మనుషులు నెట్టారు, అంతే. అదే కథను 1999లో దాదాపు 8 కోట్ల డాలర్లతో మళ్ళీ తీశారు. ఈసారి గోడలు కదులుతాయి, చెక్కిన బొమ్మలు తలలు తిప్పుతాయి, దెయ్యం కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో నిలువెత్తున లేస్తుంది. వసూళ్ళు వచ్చాయి గానీ భయం రాలేదని చూసినవాళ్ళూ విమర్శకులూ తిట్టారు. అదే నెలలో, అంటే 1999 జూలైలో, చేతి కెమెరాతో చాలా తక్కువ ఖర్చుకు చిత్రీకరించిన 'ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' వచ్చి 24 కోట్ల డాలర్లకు పైగా తెచ్చుకుంది. అందులో చాలా కథ అడవిలో నడిచినా చివరి భయం ఒక పాడుబడ్డ ఇంట్లోనే. అక్కడా కనబడేది ఏమీ ఉండదు.

కథ ఇక్కడితో ఆపేస్తే చూపించకపోవడమే గొప్ప అని అనిపిస్తుంది. కానీ ఆ ఏడాది చెత్త సినిమాలను ఎంచే గోల్డెన్ రాస్ప్‌బెర్రీ నామినేషన్లలో, అన్నిటికన్నా చెత్త సినిమా అన్న విభాగంలో, ఈ రెండూ ఉన్నాయి. అంతా చూపించిన సినిమా, ఏమీ చూపించని సినిమా ఒకే జాబితాలో. అంటే చూపించకపోవడం కూడా కొందరికి మోసంగానే కనబడింది. 'నిజంగా జరిగింది' అన్నట్టుగా ఊరించిన ప్రచారం నమ్మి వెళ్ళినవాళ్ళకు ఆ కోపం మరీ ఎక్కువ.

డబ్బు లేకపోవడం నిజంగా దెబ్బతీసే చోట్లు వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది శబ్దం. బొమ్మ మసకగా ఉంటే ప్రేక్షకుడు సర్దుకుంటాడు, కొన్నిసార్లు ఆ మసకే భయాన్ని పెంచుతుంది. మాట సరిగా వినబడకపోతే సర్దుకోడు. గుసగుసలు వినబడటం లేదని వాల్యూమ్ పెంచుకున్నవాడి చెవిలో తర్వాతి క్షణం పెద్ద చప్పుడు పడితే, అది అతనికి భయంగా ఉండదు, చిరాకుగా ఉంటుంది. జాన్ కార్పెంటర్ 1978లో తక్కువ ఖర్చుతో తీసిన 'హాలోవీన్' విషయంలో జరిగింది ఇందుకు మంచి సాక్ష్యం. సంగీతం, చప్పుళ్ళు కలపకముందు ఆ సినిమాను ఒక స్టూడియో ప్రతినిధికి చూపిస్తే ఆమెకు భయమే వేయలేదు. ఆ తర్వాత కార్పెంటర్ స్వయంగా కీబోర్డు మీద సంగీతం చేశాడు. దృశ్యాలు అవే, భయం కొత్తగా వచ్చింది. చిన్న సినిమాల వాళ్ళు కెమెరా అద్దెకు పెట్టే డబ్బులో కొంత మైకుకూ మిక్సింగుకూ పెడితే తిట్లలో ఒక పెద్ద భాగం పోతుంది.

రెండోది చీకటి. 'అసలేమీ కనబడలేదు' అనే ఫిర్యాదులో కొంత తప్పు తీసినవాళ్ళది, కొంత దారిలో జరిగేది. చీకటి దృశ్యంలో నలుపుకూ ఇంకొంచెం లేత నలుపుకూ మధ్య సన్నటి తేడాలుంటాయి. ఇంటర్నెట్ మీద పంపడానికి వీడియోను కుదించేటప్పుడు ముందు పోయేవి అవే. నడవ చివర నిలబడ్డ ఆకారం హాల్లో లీలగా కనబడుతుంది. ఫోనులో, అదీ గదిలో లైటు వేసుకుని చూస్తే, ఆ చోట నల్లటి గళ్ళు, చారలు తప్ప ఏమీ ఉండదు. భయపెట్టాల్సిన వస్తువే చేరకపోతే చూసినవాడు మాత్రం ఏం చేస్తాడు?

ఇక అన్ని అభిప్రాయాల్లోనూ తప్పకుండా కనబడే ప్రశ్న: 'వాళ్ళు ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోవచ్చు కదా?'

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. దెయ్యం ఉందని నమ్మడానికి సిద్ధపడి వచ్చిన ప్రేక్షకుడు, ఒక మనిషి అంత జరిగాక కూడా అదే పడకగదిలో పడుకుంటాడంటే నమ్మలేకపోతున్నాడు. అతను లాజిక్ అడుగుతున్నది దెయ్యం నుంచి కాదు, మనిషి నుంచి. దీనికి మంచి సినిమాలు రకరకాల జవాబులు కనిపెట్టాయి. 'పారానార్మల్ యాక్టివిటీ'లో ఆ శక్తి ఇంటిని పట్టుకుని లేదు, ఆ అమ్మాయిని పట్టుకుని ఉంది. ఎక్కడికెళ్ళినా వెంటే వస్తుందని ముందే చెప్పేస్తారు. 'స్కినమారింక్'లో తలుపులే లేవు, ఉన్నది నాలుగేళ్ళ పిల్లాడు. ఇంకొన్ని కథల్లో ఉన్న డబ్బంతా ఆ ఇంటి మీదే పెట్టిన కుటుంబం ఉంటుంది. ఈ చివరి జవాబు అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే దెయ్యం భయానికి అప్పు భయం తోడవుతుంది. ఇల్లు మనిషికి ఆశ్రయం, అదే సమయంలో కదలనివ్వని బరువు కూడా. ఆ రెండోదాన్ని పట్టుకున్న సినిమాలో ప్రేక్షకుడు 'ఎందుకు వెళ్ళరు' అని అడగడు. వాళ్ళు ఎందుకు వెళ్ళలేరో అతనికి తెలుసు.

జవాబు లేని సినిమాల్లో మాత్రం ప్రతి రాత్రీ ఒక కొత్త తప్పులా కనబడుతుంది. ఒంటరిగా నేలమాళిగలోకి దిగడం, లైటు వేయకుండా చప్పుడు వైపు నడవడం, ఉదయం లేచి ఏమీ జరగనట్టు మాట్లాడుకోవడం. ఇవి బడ్జెట్ లోపాలుగా చలామణీ అవుతాయి కానీ ఇవన్నీ కాగితం మీద, పైసా ఖర్చు లేకుండా సరిచేయగలిగినవే. 'చీప్‌గా ఉంది' అనే మాట వెనక చాలాసార్లు ఉన్నది స్క్రిప్టు మీద ఇంకో నెల కూర్చోలేదనే ఆరోపణ. సెకండాఫ్‌లో ఎవరో పెద్దాయన వచ్చి ఆ ఇంటి పాత కథంతా కూర్చోబెట్టి చెప్పడం కూడా అక్కడి నుంచి పుట్టేదే. చూపించడానికి డబ్బు లేదు కాబట్టి చెప్పించారు. ఆ పది నిమిషాల్లో, అంతవరకు కూడబెట్టిన టెన్షన్ అంతా జారిపోతుంది.

నటన గురించి రెండు ముక్కలు చాలు. ముఖం తెలియని నటులుండటం ఈ సినిమాలకు లాభమే. పేరున్న హీరో ఉంటే అతను చివరిదాకా బతుకుతాడని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. కానీ భయపడటం నటించగలిగిన కొత్తవాళ్ళు ఏడవడం దగ్గర తేలిపోతారు. కథలో చావు ఉన్నప్పుడు అది గట్టి దెబ్బే.

ఉలిక్కిపడటం, భయపడటం ఒకటి కాదన్న సంగతి కూడా అభిప్రాయాల్లో కలిసిపోతుంది. పెద్ద చప్పుడుకు ఒళ్ళు ఉలిక్కిపడటం ఆలోచనతో పని లేని ప్రతిచర్య. ఎవరు చేసినా వస్తుంది, నాలుగోసారికి మొద్దుబారుతుంది. జంప్ స్కేర్లు, అంటే ఇలా ఉలిక్కిపడేలా చేసే చోట్లు, లెక్కబెట్టి మార్కులు వేసేవాళ్ళకు నెమ్మదిగా నడిచే సినిమా ఎలాగూ నచ్చదు. వాటిని చౌకబారు పని అనుకునేవాళ్ళకు పద్దెనిమిదిసార్లు ఉలిక్కిపడేలా చేసినా సినిమా గుర్తుండదు. ఒకే సినిమాకు ఒకరు 'భయం లేదు' అని, ఇంకొకరు 'గుండె ఆగినంత పనైంది' అని రాసినప్పుడు, ఇద్దరూ భయం అన్న మాటను రెండు అర్థాల్లో వాడుతుండవచ్చు.

చూసిన చోటు కూడా అభిప్రాయంలో భాగమే. హాల్లో పక్కవాళ్ళ నిశ్శబ్దం, ముందు వరసలో ఎవరో కళ్ళు మూసుకోవడం, ఇవన్నీ సినిమాకు తోడు. 'పారానార్మల్ యాక్టివిటీ' ప్రచారంలో సినిమా కన్నా ఎక్కువగా, చీకటి హాల్లో కేకలు పెడుతున్న ప్రేక్షకుల ముఖాలను చూపించారు. భయం అంటుకునేదని వాళ్ళకు తెలుసు. ఇంట్లో, చేతిలో ఫోను పెట్టుకుని చూసేవాడు తల దించిన ఆ రెండు సెకన్లలోనే నడవలో నీడ దాటిపోతుంది. అతను తలెత్తేసరికి మళ్ళీ ఖాళీ గదే. 'ఏమీ జరగలేదు' అని అతను రాసేది తన వరకు నిజం.

మరీ చిన్న సినిమాల మీద మొదట్లో వచ్చే మార్కులను కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఓట్లు పదుల్లోనే ఉన్నప్పుడు తీసినవాళ్ళ స్నేహితులు, బంధువులు ఇచ్చిన పదికి పదులు సగటును పైకి లేపేస్తాయి. అది చూసి నమ్మి కూర్చున్నవాళ్ళు మోసపోయామన్న కోపంతో ఒకటి ఇస్తారు. నిజానికి ఐదో ఆరో రావాల్సిన సినిమా, ఎక్కువ పొగిడినందుకు శిక్ష అనుభవిస్తుంది. ప్రేమతోనే చేసినా, ఆ పదికి పది సినిమాకు హాని చేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ వాదన జరిగేది చివరి పది నిమిషాల మీద. (ఇక్కడి నుంచి 'పారానార్మల్ యాక్టివిటీ' ముగింపు గురించి ఉంది, చూడాలనుకునేవాళ్ళు గమనించాలి.) చిత్రోత్సవంలో చూపించిన కాపీలో, ప్రియుణ్ణి చంపాక ఆ అమ్మాయి కత్తి పట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. మూలన గడియారం పరిగెడుతూనే ఉంటుంది. చివరికి పోలీసులు వస్తారు, కాల్పులు జరుగుతాయి. హాళ్ళలో విడుదలైన కాపీలో అదంతా లేదు. చీకట్లోంచి ప్రియుడి శరీరం ఎగిరొచ్చి కెమెరాకు తగులుతుంది, ఆమె నడిచి వచ్చి తెర మీదికి దూకుతుంది. రెండోది హాలును ఒక్క కుదుపు కుదిపింది, జనం కేకలతో బయటికి వచ్చారు. వ్యాపారంగా అది తెలివైన మార్పే. కానీ గంటన్నర పాటు ఏమీ జరగని గదిని చూడటం ప్రేక్షకుడికి నేర్పిన సినిమాకు సరిపోయే ముగింపు మొదటిదే. చేతిలో కత్తి, పక్కన పరిగెడుతున్న గడియారం, ఊగడం ఆపని మనిషి, ఇంకా తెరిచే ఉన్న ఆ ఎడమవైపు తలుపు.